కొట్టేసిన ఆరో ప్రశ్న

"అయితది మేడం" అనే మాటకు అర్థం తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి మొత్తం పట్టింది. మాది విజయనగరం వైపు. నాన్న ఉద్యోగం కోసం వచ్చి యాప్రాల్‌లో ఉండిపోయాం. మా ఇంట్లో "అవుతాది" అంటే అవుతుందనే. సికింద్రాబాద్‌లో నేను తిరిగిన ఆ ఆరోగ్యశాఖ ఆఫీసులో మాత్రం "అయితది" అంటే, ఇక ఇంటికి వెళ్ళు అని. అది తెలియక, ఆ మాట విన్న ప్రతిసారీ థాంక్స్ చెప్పి మరీ వచ్చేదాన్ని. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

యూనివర్సిటీలో ప్రజారోగ్యం పీజీ చివరి సంవత్సరం. ఒక చిన్న పరిశోధన చేసి రాసిస్తేనే పట్టా చేతికొస్తుంది. నేను ఎంచుకున్న విషయం, టీబీ రోగులు మందులు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వచ్చే రోగులతో కూర్చుని పన్నెండు ప్రశ్నలు అడగాలి, అంతే. సూది గుచ్చేది లేదు, రక్తం తీసేది లేదు. పాపం, ఇది చాలా తేలికైన పని అనుకున్నాను.

యూనివర్సిటీలో ఎథిక్స్ కమిటీ అని ఒకటుంది. పరిశోధన వల్ల రోగులకు హాని జరగదని వాళ్ళు తేల్చాలి. వాళ్ళు, ముందు ఆరోగ్యశాఖకు అభ్యంతరం లేదని లెటర్ తీసుకురమ్మన్నారు. ఆరోగ్యశాఖ వాళ్ళు, ముందు మీ ఎథిక్స్ కమిటీ సర్టిఫికెట్ తీసుకురమ్మన్నారు. ఆ ఇద్దరి మధ్యా తిరగడమే నా చదువైంది. పొద్దున్నే యాప్రాల్‌లో బస్సెక్కి, తిరుమలగిరి దగ్గర ట్రాఫిక్‌లో ఉడికి, ఆఫీసు తెరిచేసరికి గుమ్మంలో నిలబడేదాన్ని. సెక్షన్‌లో కూర్చునే క్లర్కు నన్ను చూడగానే ఫ్యాను కిందికి కుర్చీ జరిపి, ఎంతో మర్యాదగా అదే మాట అనేవాడు.

"జెర ఓపిక పట్టుండ్రి మేడం. సార్ మీటింగ్‌ల ఉన్నరు. ఫైల్ పైనికి పోయింది. అయితది."

ఇంటికి వెళ్తే అమ్మ అడిగేది. "ఏటే, ఇంకా అవ్వలేదా నీ పని?"

"అవుతాది అన్నారమ్మా."

"అన్నారు కదా, మరేటి? అయిపోద్దిలే."

రోగి వివరాలు ఎవరు పడితే వాళ్ళు రాసుకుపోకూడదు. టీబీ అని బయటపడితే అద్దె ఇల్లు ఖాళీ చేయించే మనుషులున్న ఊరిది. కాబట్టి అనుమతి ఉండాల్సిందే, అడ్డుగోడా ఉండాల్సిందే. నా కోపం గోడ మీద కాదు. ఆ గోడ ఎవరిని కాపాడుతోందో తెలిశాక వచ్చిన కోపం ఇది.

ఫైలు ఇంకా పైనే ఉండగా, డాక్టర్‌గారిని కలిసి పరిచయం చేసుకుందామని ఒకసారి ఆ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. మందుల కిటికీ ముందు రెండు లైన్లు ఉన్నాయి. ఒకటి మామూలుది. రెండోది మందులు మధ్యలో ఆగిపోయి మళ్ళీ వచ్చిన వాళ్ళది. లోపల్నుంచి ఒకాయన "మానేసినోళ్ళు ఇటు, మానేసినోళ్ళు ఇటు" అని అరుస్తున్నాడు. రెండో లైనులో నిలబడ్డవాళ్ళు తల పైకెత్తడం లేదు. ఒక్కామె మాత్రం ఎత్తింది. చీరలకు ఫాల్స్ కుట్టుకుని బతికే మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. నా మెడలో ఐడీ కార్డు, చేతిలో కాగితాలు చూసి నేను ఏ ఆఫీసు మనిషినో అనుకుంది. నేనేమీ అడగలేదు. తనే మొదలుపెట్టింది.

"నేను మానలే చెల్లె. వచ్చిన. మందులే లేకుండె. రేపు రా, అయితది అన్నరు. రేపు పోతే సుత గదే మాట. పని ఇడిసిపెట్టి ఎన్నిసార్లు తిరగాలె? ఇప్పుడేమో మానేసినవ్ అని మళ్ళ మొదటికెల్లి షురూ జేస్తున్నరు. మా ఆడిబిడ్డ సుత, రోగం తెచ్చుకున్నదే గాక మందులు మింగుతలేదని గల్లీల అందరికీ చెప్తున్నది."

నేను ఇంకా విద్యార్థినేనని, రాసుకోవడానికి పర్మిషన్ రాలేదని చెప్పాను.

"నా మాటకు ఎవరి పర్మిషన్?" అంది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలియక అడిగింది. పర్మిషన్ రాగానే వస్తానని, అప్పుడు ఇదంతా రాస్తానని మాట ఇచ్చాను. నా ఆరో ప్రశ్న అదే మరి: మీరు వచ్చినప్పుడు మందులు లేవని తిప్పి పంపిన సందర్భాలు ఉన్నాయా? ఆ ప్రశ్న చదివి వినిపిస్తే ఆమె ముఖం విప్పారింది. "గదీ. గది అడుగు నన్ను," అంది.

చివరికి కమిటీ సర్టిఫికెట్ లేకుండానే ఫైలు కదిలి, శాఖలో పెద్దాయన నన్ను పిలిచాడు. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. చెడ్డవాడని చెప్పలేను, అదే నాకు ఇంకా కోపం. ఎర్ర పెన్ను తీసి నా ప్రశ్నలు ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చి ఆరో దాని దగ్గర ఆగాడు.

"ఇది ఎందుకమ్మా? నీ టాపిక్ పేషెంట్లు ఎందుకు మానేస్తున్నరని కదా. మందులు ఉంటే కదా మానేసేది. లేనప్పుడు అది మానేసుడు ఎట్లయితది?"

నాకు ఒక్కసారి ప్రాణం లేచి వచ్చింది. ఆమె అంటున్నదీ అదే కదా.

"అదే సార్. లేనప్పుడు మానేసినట్టు కాదు. మరి వాళ్ళను మానేసిన వాళ్ళ లైనులో ఎందుకు నిలబెడుతున్నారు?"

ఆయన పెన్ను ఆపాడు. "ఎవరు చెప్పిన్రు నీకు? పర్మిషన్ లేకుండ పేషెంట్లతోని మాట్లాడినవా?"

ఆ క్షణం నేను నోరు తెరిస్తే నా పరిశోధన పోతుంది. అది పోనీ. ఎవరా పేషెంటు అని కిటికీ దగ్గర ఆరా తీస్తే, మళ్ళీ ఆ కిటికీ ముందే నిలబడాల్సింది ఆమె. "ఎవరూ లేరు సార్. మాటవరసకు అన్నాను," అన్నాను. ఆ అబద్ధం గొంతు దిగడానికి టీ మొత్తం తాగాల్సి వచ్చింది. ఆయన ఆరో ప్రశ్నను అడ్డంగా కొట్టేశాడు. కారణాల పట్టికలో నేను ముందే మరచిపోవడం, మందు పడకపోవడం, ఊరెళ్ళడం, తాగుడు అని రాసి, చివర "ఇతర" అని పెట్టి, పక్కన వివరం రాసుకోవడానికి గీత ఒకటి గీసుకున్నాను. ఆ గీతనూ కొట్టేశాడు. "టిక్ పెడితే సరిపోతది. అనాలసిస్ ఈజీ అయితది," అన్నాడు.

మా గైడ్ సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ముందు పట్టా తెచ్చుకోమ్మా. ఒక్క ప్రశ్న పోతే పరిశోధన పోదు," అన్నాడు. పదకొండు ప్రశ్నల కాగితానికి ఎథిక్స్ కమిటీ కూడా ముద్ర వేసింది. రోగులకు హాని ఏమీ లేదని తేల్చింది.

అనుమతి చేతికొచ్చాక ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను. కేంద్రం వెనక వేపచెట్టు నీడన సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. సమ్మతి పత్రం చదివి వినిపించాను. "మీరు స్వచ్ఛందంగా పాల్గొంటున్నారు, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చు" అని ఉంది అందులో. "ఈడ సుత మానేసుడేనా?" అని నవ్వింది. తర్వాత బుద్ధిగా జవాబులు చెప్పింది. ఐదు అయ్యాక కాస్త ముందుకు జరిగి, కొంగు సర్దుకుని కూర్చుంది. నేను ఏడోది చదివాను. ఎనిమిదోది చదివాను. ఆమె నా ముఖమే చూస్తోంది.

చివరిదీ అయ్యాక అడిగింది. "గది అడగలేదేంది చెల్లె?"

"దానికి పర్మిషన్ ఇవ్వలేదక్కా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా చేతి మీద చెయ్యి వేసి, "పరేషాన్ కాకు. అయితది తియ్," అంది. కిటికీ దగ్గర ఆమెను తిప్పి పంపిన మాటే అది. దాన్నే తెచ్చి నన్ను ఓదారుస్తోంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా దిగలేదు.

నా పరిశోధన పాసైంది. గట్టి అట్టతో బైండింగ్ చేసి యూనివర్సిటీ లైబ్రరీలో పెట్టారు. అందులో ఆమె "ఇతర" కింద ఒక టిక్కు. ఆరో ప్రశ్న ఒక్కదానికే అనుమతి కావాలని మళ్ళీ అర్జీ పెట్టాను. క్లర్కు ఏమన్నాడో చెప్పక్కర్లేదు.

ఈమధ్య ఆమెను మళ్ళీ కలిశాను. మందుల కోర్సు పూర్తయింది, ఒళ్ళు కాస్త చేసింది. నా జ్ఞాపకాల్లో నీ సంగతి రాసుకోవచ్చా అక్కా అని అడిగాను. పేరు పెట్టను, ఉండే గల్లీ పెట్టను, ఇది పరిశోధన కాదు అని చెప్పాను. "గదొక్కటి రాయి, సాలు," అంది. ఈసారి ఇంకెవరినీ అడగలేదు.

ఆమె మందులు మానలేదు. ఆమె వచ్చింది. మందులు లేవు.