మగ్గాల షెడ్డు జడ్జిగారు

ఫిర్యాదుల కమిటీకి ఆమెను పెద్దగా పెట్టారంటే అందులో ఆమె గొప్పదనం ఏమీ లేదు. ఆ రోజు మీటింగులో ఎవరుంటారని మేనేజరు అడిగినప్పుడు తెలివైనవాళ్ళందరూ తల దించుకున్నారు. ఈవిడ ఒక్కతే, తననే పిలిచారేమోనని తలెత్తింది. అంతే, అయిపోయింది. ఇరవై ఆరేళ్ళు మరమగ్గాల మధ్య తెగిన దారాలు ముడివేసిన మనిషి ఆ సాయంత్రానికి అందరి నోళ్ళలో ‘జడ్జిగారు’ అయి కూర్చుంది. మూడేళ్ళపాటు ఒక్క ఫిర్యాదూ రాలేదు. తనకి భయపడే జనం బుద్ధిగా ఉన్నారనుకుని మురిసిపోయింది. అలాంటి కమిటీ ఒకటుందని సగంమందికి తెలియనే తెలియదని తర్వాత బయటపడింది. ఈ సంగతంతా ఇప్పటికీ తనే చెప్పుకుని తనే నవ్వుతుంది.

చివరికి ఒక ఫిర్యాదు వచ్చింది. తెచ్చింది, గుడ్డలో లోపాలు చూసే పనిలో రెండు నెలల క్రితం చేరిన అమ్మాయి. తానులు పేర్చిన స్టోరు గదిలో, తలుపు తెరిచిపెట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి అడిగింది జడ్జిగారు. మగ్గాలు బాగుచేసే ఫిట్టరు, తను మాట్లాడినప్పుడల్లా మీదికి వంగి నోటి వంకే చూస్తాడట. క్యాంటీనులోనూ అంతేనట. పుస్తకం అడ్డం పెట్టుకుంటే పక్కకి జరిగి మరీ చూస్తాడట.

“పొద్దున్నే గేటు దగ్గరికి రాగానే వెనక్కి తిరిగి ఇంటికి పోవాలనిపిస్తోంది మేడమ్. ఇలాగే ఉంటే మానేస్తాను,” అంది.

‘వాడా? వాడికంత సీనుందా?’ అనబోయి జడ్జిగారు నాలుక కరుచుకుంది. ఇరవయ్యేళ్ళుగా ఎరిగిన మనిషి మరి. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. ఆ సిగ్గులో, రెండో నిమిషానికల్లా ఫిట్టరుని మనసులోనే ఉద్యోగంలోంచి పీకేసింది. అవతలి మనిషిని ఇంకా పిలవనేలేదు, అప్పటికే రెండు తీర్పులు ఇచ్చేసిన ఘనత ఆవిడది.

మర్నాడు ఫిట్టరు అదే గదికి వచ్చాడు. చూశావా అంటే చూశానన్నాడు. ఎందుకని అడిగితే, తప్పయిందని రాసుకో అక్కా, సంతకం పెడతానన్నాడు. విచారణంటే ఇంత తేలికా అని జడ్జిగారు పొంగిపోయింది. కాగితం కోసం బీరువా వైపు తిరిగి, రిటైరవడానికి ఇంకా ఎన్నేళ్ళుందని అడిగింది. జవాబు లేదు. పొగరనుకుని ఇంకోసారి అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. విసురుగా ఇటు తిరిగేసరికి, ఆమె ఎప్పుడు తిరుగుతుందా అని పాపం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు ఎక్కింది బుర్రకి. ఆ షెడ్డులో మగ్గాల మోతకి ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. పెదవులు కదిపితే అవతలివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. అక్కడ నోటి వంక చూడకపోతేనే అమర్యాద. సరే, షెడ్డులో సరే. నిశ్శబ్దంగా ఉండే ఈ గదిలో కూడా చూడాల్సిన అవసరం ఎవరికుంటుంది? ఇరవై ఆరేళ్ళు అక్కడే పడుండి ఈ ముక్క తట్టని బుర్రకి పదవి ఇచ్చినవాళ్ళని అనాలి.

“నీకు వినపడటం లేదు కదూ?” అంది.

ఫిట్టరు తలుపు వైపు ఒకసారి చూసుకున్నాడు. “చప్పుడు విని మగ్గానికి జబ్బెక్కడుందో చెప్పేవాణ్ణి అక్కా. ఇప్పుడు చెయ్యి ఆనించి చూసి చెబుతున్నా. ఇది తెలిస్తే పనిముట్లు లాక్కుని గేటు దగ్గర కూర్చోబెడతారు. చెడ్డవాడనే రాయి, పడతాను. చెవిటివాడని మాత్రం రాయకు.”

జడ్జిగారికి ఏడుపొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది. నీ గుట్టు నువ్వు దాచుకుంటే దాని బరువు రెండు నెలలు ఆ పిల్ల మోసిందని దులిపేసింది. అతను ఆమె నోటి వంకే చూస్తూ ఆ మాటలన్నీ పడ్డాడు.

అతని సంగతి బయటపెట్టే హక్కు తనకి లేదు. అందుకని అమ్మాయిని పిలిచి, షెడ్డు అలవాటు ఒక్కటే వివరించింది. బాగానే చెప్పాననుకుంది కూడా. అమ్మాయి అంతా విని, “అయితే మీరూ అందుకేనా మేడమ్? మొన్నటి నుంచీ మీరూ నా నోటి వంకే చూస్తున్నారు. మీ మీద ఎవరికి చెప్పుకోవాలో తెలీక ఊరుకున్నాను,” అంది.

జడ్జిగారికి తల కొట్టేసినట్టయింది. పుస్తకం అడ్డం పెట్టుకుని ఏదైనా అనమంది. ఏదో గుయ్యిమన్నట్టుంది తప్ప ఒక్క ముక్క వినపడలేదు. కోడలు తన మీద అరుస్తోందని నాలుగేళ్ళుగా అలకలు పూనుతున్న మహాతల్లి ఈవిడ. ఏమన్నావమ్మా అని అడిగితే, అమ్మాయి పుస్తకం దించి మళ్ళీ చెప్పింది.

“ఆయన ఉద్యోగం పోవాలని లేదు మేడమ్. నేను భయపడ్డానన్నది అబద్ధం కాదని ఎవరైనా ఒప్పుకుంటే చాలు.”

ఆ పూటే జడ్జిగారు రెండు కాగితాలు రాసింది. అమ్మాయి చెప్పింది నిజమని, భయపడటంలో తప్పు లేదని, ఫిట్టరు క్షమాపణ చెప్పాలని మొదటిది. షెడ్డులో పదేళ్ళు దాటిన అందరికీ చెవుల పరీక్ష చేయించాలని, వినపడనంత మాత్రాన ఎవరినీ మగ్గాల దగ్గర్నుంచి తీయకూడదని రెండోది. దాని కింద, పరీక్షకి వెళ్ళేవాళ్ళలో మొదటి పేరు తనదే రాసుకుంది. మేనేజరు ఒప్పుకుంటాడన్న నమ్మకం ఆవిడకేమీ లేదు. ఫిట్టరు ఆ కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి ఆమె పేరు కింద తన పేరు రాశాడు.

తర్వాత స్టోరు గదికి వచ్చాడు. జడ్జిగారు గుమ్మంలోనే ఆగిపోయింది. అతను అమ్మాయికి అల్లంత దూరంలో నిలబడి, నేల చూపులు చూస్తూ, “నాకు వినపడదమ్మా. అందుకే చూశాను. ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. ఇంకెప్పుడూ చూడను,” అన్నాడు.

అమ్మాయి ఏదో అంది. అతను తలెత్తలేదు. మళ్ళీ అంది. జవాబేం వచ్చిందో తెలియక చేతులు నలుపుకుంటూ గచ్చు వంకే చూస్తున్నాడు. అప్పుడా అమ్మాయి తనే నాలుగడుగులు ముందుకి వేసి, అతని చూపుకి అందేలా వంగి, నెమ్మదిగా పెదవులు కదిపింది.

“చూడండి. చూడకపోతే నేనన్నది మీకెలా తెలుస్తుంది?”