పక్కింటివాళ్లు చెప్పిన లెక్క

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, ఆఫీస్‌కి బయల్దేరి కారు డ్రైవ్‌వేలోంచి వెనక్కి తీస్తుంటే గుంటూరు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, నాన్న..." అని ఆగిపోయింది. మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాల్చిన మనిషి సాయంత్రం కాఫీకి లేవలేదట. మా మావగారు పోయారు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయారని అందరూ అన్నారు. బతికుండగా నన్ను మాత్రం బాగానే ఇబ్బంది పెట్టారు. ఆ మాట ఇక్కడ దాచిపెడితే ఆయనకే నచ్చదు.

అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉన్న మా ఇంటికి ఆయన రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ మేడ మీద వీధివైపు గదిలోనే ఉన్నారు. ఆ కిటికీ బ్లైండ్స్‌కి తాడుంది, లాగితే మొత్తం పైకి పోతుంది. ఆయన లాగేవారు కాదు. రెండు పలకల మధ్య వేళ్లు పెట్టి ఎడం చేసుకుని వీధిలోకి చూసేవారు. ఎవరు కుక్కని తిప్పుతున్నారు, ఏ ఇంటి ముందు కొత్త కారుంది, పోస్ట్ వ్యాన్ వచ్చిందా లేదా, అన్నీ ఆయనకి కావాలి. అలా చూసి చూసి ఒక పలక వంగిపోయింది.

"మావయ్యగారూ, తాడు లాగండి. పాడైపోతాయవి" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

"మొత్తం ఎత్తడం దేనికమ్మాయ్, చూడ్డానికి ఇంత సందు చాల్దూ" అనేవారు.

ఆయన రేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జీవితమంతా బడిపంతులుగా పనిచేశారు. బడిపంతులంటే పాఠాలు చెప్పి ఊరుకుంటే కుదరదు కదా. ఓటర్ల జాబితాలు, పశువుల లెక్కలు, పదేళ్లకోసారి జనాభా లెక్కలు, అన్నీ ఆయన నెత్తినే పడేవి. అందరూ విసుక్కునే ఆ పని ఆయనకి మాత్రం పిచ్చి ఇష్టం. 2010 ఫిబ్రవరిలో మొదటిసారి వచ్చినప్పుడు, జెట్‌లాగ్ తీరీ తీరకముందే మా వీధికి మ్యాప్ గీయడం మొదలుపెట్టారు. జనాభా లెక్కల మ్యాప్‌లో డాబా ఇల్లయితే చతురస్రం, తాటాకు ఇల్లయితే త్రికోణం. మా వీధిలో అన్నీ ఒకే రంగు టౌన్‌హౌస్‌లు. "ఒక్క త్రికోణం కూడా లేదేమిటమ్మాయ్" అని నిరాశపడ్డారు. నడవాల్సిన దారికి బాణం గుర్తులు వేసి, ప్రతి చతురస్రంలో ఆ ఇంట్లో ఉండే మనుషుల సంఖ్య రాశారు. ఆ సంఖ్య ఎలా తెలిసిందంటారా? మంకీ క్యాప్ పెట్టుకుని ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టి, "హౌ మెనీ పర్సన్స్?" అని అడిగారు. ఆ సంగతి తెలిసి నేను సిగ్గుతో చచ్చిపోయాను.

పక్కింటి పెద్దావిడ ఒక్కతే ఆయన్ని లోపలికి రమ్మంది. ఆవిడ రిటైరైన నర్సు. ఒంటరిగా ఉంటుంది. విచిత్రమేమిటంటే, ఆ సమయానికి ఆవిడ డైనింగ్ టేబుల్ మీద కూడా జనాభా లెక్కల కాగితాలే ఉన్నాయి. నూట ముప్ఫై నలభై ఏళ్ల కిందటివి, విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లాండ్‌లో రాసినవి.

ఆవిడ తాతగారిది అక్కడ ఉత్తరాన ఒక నూలుమిల్లుల ఊరు. ఆయన తండ్రి మిల్లు బాయిలర్‌లో బొగ్గు వేసేవాడు, తల్లి ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికేది. తాత కుర్రతనంలోనే ఓడెక్కి అమెరికా వచ్చేశాడు. ముసలితనంలో ఆయనకి ఒక అలవాటు ఉండేదట. ఎవరు తలుపు కొట్టినా కుర్చీలోంచి లేచి, "ఆలిస్ వచ్చిందా?" అని అడిగేవాడట. ఆలిస్ ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు ఆ కేకకి భయపడి మెట్ల కింద దాక్కునేదాన్నని పక్కింటావిడ చెప్పింది. డెబ్భై అయిదేళ్లొచ్చాక ఆ భయం పోయి, ఆ ఆలిస్ ఎవరో తెలుసుకోకుండా పోకూడదన్న పట్టుదల పట్టుకుంది.

1871 కాగితంలో ఆలిస్ ఉంది. తాత అప్పటికి నెలల పిల్లాడు, ఆలిస్ ఆయన అక్క, ఆరేళ్లది. 1881 కాగితంలో అదే ఇల్లు, అదే తల్లిదండ్రులు, తాతకి పదేళ్లు. ఆలిస్ లేదు. చనిపోయినట్టు ఎక్కడా నమోదు కాలేదు. పెళ్లయినట్టూ లేదు. ఆవిడ రెండేళ్లుగా కంప్యూటర్‌లో ఆ పేరు కొట్టి వెతుకుతూనే ఉంది.

మా మావగారు ఆ కాగితాల మీదికి వంగి ఎంతోసేపు చూశారట. తర్వాత, "డోంట్ సెర్చ్ నేమ్, మేడమ్. వాక్. దట్ మ్యాన్ వాజ్ వాకింగ్" అన్నారు.

ఆయన ఉద్దేశం ఏమిటంటే, లెక్కలు రాసినవాడు ఇంటింటికీ నడిచినవాడు. వాడు నడిచిన దారిలో మనమూ నడవాలి. ఆవిడ దగ్గర ఆ ఊరి పాత మ్యాప్ ఉంది, ప్రతి ఇల్లూ, ప్రతి పెరడూ కనపడేంత పెద్దది. అది టేబుల్ మీద పరిచి, మూలలకి సూప్ డబ్బాలు బరువు పెట్టి, రోజూ మధ్యాహ్నం ఇద్దరూ కూర్చునేవారు. కాగితంలో ఒక ఇల్లు చదివితే మ్యాప్ మీద ఆ ఇంట్లో ఒక శనగ గింజ పెట్టేవారు. మా వంటింట్లో శనగల డబ్బా ఎందుకు ఖాళీ అవుతోందో నాకు కొన్నాళ్లు అర్థం కాలేదు. అడిగితే, "ఒక వీధి అయిపోయిందమ్మాయ్, ఇంకో గుప్పెడు కావాలి" అన్నారు.

ఆ రోజుల్లో ఆయన అన్నం దగ్గర కూడా ఆ గొడవే. ఇంటికి తాళం పడితే మూడుసార్లు తిరగాలి, అప్పటికీ ఎవరూ లేకపోతే పక్కింటివాళ్లని అడిగి రాయాలి, వయసు చెప్పలేనివాళ్లని తుఫాను ఎప్పుడొచ్చిందో గుర్తుందా అని అడిగి లెక్కగట్టాలి. "ముందు మనిషిని చూడాలి, తర్వాత కాగితం చూడాలి" అనేవారు. నేను ఊఁ కొడుతూ ఫోన్‌లో మెయిల్స్ చూసుకునేదాన్ని.

మూడు వారాలకి ఆలిస్ దొరికింది. సొంతింటి వెనక వీధిలోనే, బట్టలుతికే ఒక విధవరాలి ఇంట్లో. పదహారేళ్ల పిల్ల. ఇంటిపేరు మాత్రం ఆ విధవరాలిది. "ఈ లెక్కలవాడు ఇంటిపేరు అడగలేదు మేడమ్. పైన రాసిందే కింద డిట్టో కొట్టాడు. చలి వేసుంటుంది, ఇంకా పది ఇళ్లుంటాయి. నేనూ కొట్టాను అలాంటి డిట్టోలు" అన్నారట ఈయన. ఆ పిల్లే ఈ ఆలిస్ అని ఎలా తెలుసంటే, పుట్టిన ఊరు. తండ్రి పని వెతుక్కుంటూ తిరుగుతున్నప్పుడు ఆ ఒక్క పిల్లే దారిలో ఏదో చిన్న పల్లెలో పుట్టింది. రెండు కాగితాల్లోనూ అదే పల్లె ఉంది.

పక్కింటావిడ ఆ పంక్తి మీద చెయ్యి పెట్టుకుంది. "వెనక వీధిలోనే ఉంది. మా తాత జీవితమంతా ఎదురుచూశాడు, ఈ పిల్ల వెనక వీధిలోనే ఉంది" అంది. ఎందుకు ఇల్లు వదిలిందో ఏ కాగితమూ చెప్పదు. పదేళ్ల తర్వాతి లెక్కల్లో ఆలిస్ మళ్లీ కనపడలేదు.

మార్చి నెలాఖరున మా ఇంటికీ లెక్కల ఫారం వచ్చింది. అమెరికాలో ఆ ఏడే జనాభా లెక్కలు. కార్ల మీద పైన్ చెట్ల పసుప్పచ్చ పుప్పొడి మందంగా పడుతున్న రోజులు, ఆయన తుమ్ముతూ కిందికి దిగి వచ్చేసరికి నేను డైనింగ్ టేబుల్ దగ్గర ఫారం నింపుతున్నాను.

"నన్ను రాశావా అమ్మాయ్?"

"లేదండీ. ఇక్కడ పర్మనెంట్‌గా ఉండేవాళ్లనే రాయమన్నారు. విజిటర్స్ అక్కర్లేదట. మీరు ఇంకో నాలుగు నెలల్లో వెళ్లిపోతారుగా" అని నవ్వాను.

ఫారం చేతిలోకి తీసుకుని సూచనలన్నీ అద్దాలు సర్దుకుని చదివారు. "రూల్ కరెక్టే" అని తిరిగి ఇచ్చేశారు. నేను కవర్ అంటించాను. అప్పుడు చెప్పారు, అడక్కుండానే.

పందొమ్మిది వందల ఎనభై ఒకటి ఫిబ్రవరిలో జరిగిన లెక్కల్లో, కాలవ గట్టు మీద ఆఖరి తాటాకు ఇల్లు. పొద్దు వాలుతోంది. ఇంటాయన, భార్య, తల్లి, కొడుకు. నలుగురిని రాసుకున్నారు. లేవబోతుంటే లోపలి తడిక అంచు పట్టుకుని నాలుగు వేళ్లు కనిపించాయి. ఆడపిల్ల వేళ్లు, పదో పన్నెండో ఏళ్లుంటాయి. "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు. "ఎవరూ లేరండీ" అన్నాడు ఇంటాయన. వేళ్లు కదల్లేదు. ఈయన పుస్తకం మూసేశారు.

మార్చి మొదట్లో మళ్లీ ఒకసారి తిరిగి, ఈలోపు పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ సరిచూసుకోవాలి. ఆ ఇంటికి మళ్లీ వెళ్లారు. ఆ తడిక తీసేసి ఉంది. లోపలంతా కనపడుతోంది. "ఎవరైనా ఉన్నారా?" అని మళ్లీ అడిగారు. "ఎవరూ లేరండీ" అన్నాడతను. ఈసారి అది నిజం.

"ఆ పిల్ల ఏమైందని అడగాలంటే, ఆ పిల్ల ఉన్నట్టు నా దగ్గర కాగితం ఉండాలి కదమ్మాయ్. నేనే రాయలేదు. రాసుంటే, మొన్న అయిదుగురన్నావు, ఇవాళ నలుగురేమిటని నిలదీసేవాణ్ని" అన్నారు. మళ్లీ తనే, "ఆలిస్‌కి కాగితం ఉంది. అందుకే ఇన్నేళ్లకైనా అడిగేవాళ్లున్నారు" అన్నారు.

నేను కాఫీ తాగుతారా అని అడిగాను. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. ఆ రోజు నుంచీ ఆయన బ్లైండ్స్ సందులోంచి చూస్తుంటే నేను తాడు గురించి మాట్లాడ్డం మానేశాను. ఆ సందులోంచి ఆయన ఎవరి కోసం చూస్తున్నారో నాకు తెలుసనిపించేది.

రెండోసారి, ఆ ఏడాది చివర్లో మా అమ్మాయి పుట్టినప్పుడు వచ్చారు. ఉయ్యాల ఊపుతూ, చంటిదానికి ఎక్కాలు వినిపిస్తూ చలికాలమంతా గడిపేశారు. ఆ ఫిబ్రవరిలోనే ఇండియాలో జనాభా లెక్కలు జరిగాయి. మా ఆడపడుచు ఫోన్ చేసి, "నాన్న అమెరికాలో ఉన్నాడని చెప్తే రాసుకోలేదు వదినా. ఈ నెలంతా ఊళ్లో లేనివాళ్లని రాయకూడదంట" అంది. స్పీకర్‌లో విన్నారు ఆయన. "రూల్ కరెక్టే" అన్నారు మళ్లీ. నవ్వారు కూడా. అక్కడా లేరు, ఇక్కడా లేరు. మావారు దాన్నో జోక్ చేసి స్నేహితులందరికీ చెప్పారు. నేనూ నవ్వాను.

పోయారని తెలిసిన సాయంత్రం మావారు ఫ్లైట్ ఎక్కారు. మర్నాడు పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్లి చెప్పాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉన్న కాగితం తీసుకొచ్చింది. ఆయన గీసిన మా వీధి మ్యాప్. పెన్సిల్ గీతలు, బాణం గుర్తులు. మా చతురస్రంలో 3 అని ఉంది. మావారు, నేను, మా అబ్బాయి. ఆ మ్యాప్ గీసిన రోజున కూడా ఆయన తనని తాను రాసుకోలేదు.

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. అంతవరకూ రాలేదు. కాలవ గట్టు మీది ఇల్లు, ఆ వేళ్లు, నేను కవర్ అంటించేయడం, రెండు దేశాల లెక్కల్లోనూ ఆయన లేకపోవడం, అన్నీ ఆవిడకి చెప్పేశాను. చెప్పి, పెన్సిల్ ఇమ్మని చెయ్యి చాచాను.

ఆవిడ ఇవ్వలేదు. ఇంగ్లీషులో ఆవిడ అన్నది ఇది: "నువ్వు కాదు. ఇంటికి తాళం ఉంటే పక్కింటివాళ్లని అడగాలని ఆయన నాకు నేర్పాడు. నన్ను అడుగు."

"హౌ మెనీ పర్సన్స్?" అని ఆయన మాటే అడిగాను.

"నలుగురు" అంది. "నేను చూశాను."

రబ్బరుతో 3 తుడిచింది. సరిగ్గా చెరగలేదు. దాని మీదే 4 వేసి, మ్యాప్‌ని మళ్లీ ఫ్రిజ్ మీద పెట్టేసింది.

బయటికొచ్చి ఆవిడ వరండా మెట్లు దిగి వీధిలో నిలబడ్డాను. అక్కడి నుంచి మా మేడ మీది కిటికీ తిన్నగా కనపడుతుంది. బ్లైండ్స్ మూసే ఉన్నాయి, ఆ వంగిన పలక దగ్గర మాత్రం వేళ్లు పట్టేంత సందు. మా ఇంట్లో ఎవరూ లేరు, పిల్లలిద్దరూ నా పక్కనే ఉన్నారు. "అమ్మా, హూ ఆర్ యూ వేవింగ్ టు?" అని మావాడు అడిగేదాకా, నేను చెయ్యెత్తి ఊపుతున్నానని నాకు తెలియలేదు.