ఒక్క చేతి గాజులు

స్కానింగ్ గదిలోకి వెళ్తూ మా అమ్మాయి గాజులు తీసి నా చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉన్నాయి. పిడికిలి మూస్తే ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. ఆ చప్పుడు వింటే నాకు సత్యవతమ్మగారే గుర్తొస్తారు.

అరవైల చివర్లో ఆవిడ గజపతినగరం ఆసుపత్రిలో నర్సు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. బడి ఐదో తరగతితో ఆగిపోయినా, ఊరి గ్రంథాలయంలో బీరువాలకు బీరువాలు చదివేశానన్న గర్వం ఉండేది. మధ్యాహ్నాలు వారపత్రిక కోసం వచ్చే సత్యవతమ్మగారు ఒకరోజు నా చేతిలో గృహవైద్యం పుస్తకం చూసి నవ్వారు. "ఏటే డాకటరమ్మా, మీ యమ్మ ఏటై పోయింది?"

"జ్వరమండి," అన్నాను. అమ్మ పోయినందుకూ, అమ్మమ్మ పోయినందుకూ మా ఇంట్లో చెప్పే కారణం అదే.

ఆవిడ నవ్వడం మానేశారు. "పోయేముందర ఒక్క సేతికే గాజులు తీసీసినారా?"

నా తొమ్మిదో ఏట అమ్మ కుడిచెయ్యి వాచి, గాజులు కండలోకి దిగిపోతే, మా మేనమామ భార్య తడిగుడ్డ చుట్టి ఒక్కొక్కటే చిట్లగొట్టింది. ముత్తైదువ చెయ్యి బోసిగా ఉండకూడదని పసుపుదారం కట్టింది. ఈ సంగతి సత్యవతమ్మగారికి ఎలా తెలుసు?

"రొమ్ములో రాసపుండు, అదే కేన్సరు, ముదిరితే ఆ పక్క సెయ్యి వాస్తాది," అన్నారు. "గడ్డ మాట ఆడోళ్లు సెప్పరు. గాజుల మాట ఎవులూ మర్సిపోరు."

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ అత్తే. ఇంటికెళ్లి అడిగితే మండిపడింది. "ఒసే, ఆ మాట గుమ్మం దాటితే నీకు సమ్మందం వస్తాదేటి?"

"అమ్మమ్మకి ఏ చెయ్యి అత్తా?"

ఆవిడ చేతిలో చేట ఆగింది. "ఎడం సెయ్యి," అంది.

ఆ తరవాత సత్యవతమ్మగారు నన్ను వదల్లేదు. నెలసరి స్నానమైన నాలుగైదు రోజులకు సబ్బు చేత్తో రొమ్ములు తడిమి చూసుకోమన్నారు. "సేతి ఏళ్ల కొసల్తో కాదు, ఏళ్ల పొట్టల్తో. పిండిముద్దలో రాయి ఎతికినట్టు." మూడో నెలలో ఎడమవైపు చింతపిక్కంత ఏదో వేళ్ల కింద జారింది. నొప్పి లేదు. పుస్తకంలో ప్రతి జబ్బుకూ నొప్పి రాసి ఉంది కాబట్టి ఇది జబ్బు కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పదిహేను రోజులు ఎవరికీ చెప్పలేదు. స్నానమప్పుడు మాత్రం రోజూ తడిమి చూసుకునేదాన్ని.

చివరికి సత్యవతమ్మగారికి చెప్పాను. "నొప్పి లేదు కదండీ."

"నొప్పి నేకపోతేనే బయపడాల. నొప్పెడితే మీ యమ్మ అప్పుడే సెప్పీసును."

నేనింక ఆ పుస్తకం తెరవలేదు. సత్యవతమ్మగారు నన్ను రైల్లో విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, మాతో అత్త కూడా వచ్చింది. చీరలు కొనడానికని ఊళ్లోవాళ్లకు చెప్పింది. గడ్డ తీసి పరీక్షకు పంపారు. కబురొచ్చేదాకా పది రోజులు గాజుల్ని పైకి తోస్తూ, కిందికి లాగుతూ గడిపాను. పదకొండో రోజు సత్యవతమ్మగారే గుమ్మంలోకి వచ్చారు.

"అది రాసపుండు కాదంట!"

అత్త కూలబడి ఏడ్చింది. "ఇక భయం లేనట్టే కదా?" అన్నాను.

"ఈ గడ్డ కాదన్నారు. నీకెప్పటికీ రాదని అన్నేదు. వచ్చే నెల మల్లీ సూసుకో."

ఆ సంతోషం ఒక్క పూటైనా ఉండనివ్వలేదని ఆ రోజు ఆవిడ మీద కోపం వచ్చింది. ఆ తరవాత ఒక్క నెల కూడా మానలేదు.

ఇప్పుడు స్కానింగ్ గది ముందు కాగితం పట్టుకున్న నర్సు అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము కేన్సర్ ఉండేదా అమ్మా?"

"మా అమ్మకి కుడివైపు. మా అమ్మమ్మకి ఎడమవైపు," అన్నాను. వరండాలో కూర్చున్నవాళ్లు తలెత్తి చూశారు. చూడనీ.

మా అమ్మాయి బయటికొచ్చి గాజులు వేసుకుంది. రెండు చేతులకూ సులువుగానే ఎక్కాయి. అయినా రిపోర్టు చేతికొచ్చేదాకా నేను ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను.