దోస్తుగారి ఎన్‌లార్జర్

ఇవాళ మన ఫ్యాక్టరీ టౌన్‌షిప్ సెక్టార్ మార్కెట్లో నా పరువు ఒక సొరుగులో కనిపించింది.

ఫొటోలు ఇంట్లోనే కడుక్కోవాలన్న పిచ్చితో, నెగెటివ్‌ని పెద్ద బొమ్మగా చేసే ఎన్‌లార్జర్ ఒకటి కొనాలని ఆరు నెలలు అప్పల్రాజుగారి ఫొటో సామాన్ల కొట్టు చుట్టూ తిరిగాను. ఆయన ఓపిగ్గా టీ తాగించి, దాన్ని వాడడం కూడా నేర్పారు. తీరా నేనేమో ట్రైనింగుకి రష్యా వెళ్ళిన సహోద్యోగి చేత సగం ధరకే తెప్పించుకున్నాను. దారిలో దాని బల్బు పగిలింది. మన పిన్నుల బల్బు దానికి పట్టదు, మర తిప్పినట్టు తిప్పి బిగించే రకం కావాలి.

డ్యూటీ దిగి, సిగ్గు చంపుకుని అప్పల్రాజుగారి దగ్గరికే వెళ్ళాను.

“మా దోస్తుదండీ. రష్యా నుంచి తెప్పించుకున్నాడు,” అన్నాను.

ఆయన సొరుగు లాగారు. దాని నిండా మర బల్బులే.

“ఈటి కోసం కలకత్తాకి రాసి తెప్పిస్తన్నానండి. ఈ సెక్టార్లో అందరికీ ఆ దోస్తే ఉన్నాడు. ఓపాలి ఆయన్ని తీసుకురండి బాబూ, సూడాలనుంది,” అన్నారు. బల్బు కాగితంలో చుడుతూ, “మొదటి ఫొటో నల్లగా వత్తాది. బెంగెట్టుకోవద్దని సెప్పండి ఆయనకి,” అని కూడా అన్నారు.

ఫొటో కాగితం రెండు ప్యాకెట్లు కొన్నాను. ఒకటి నాకు, ఒకటి దోస్తుకి.

ఆ దోస్తు మీ ఇంట్లో కూడా ఉంటే చెప్పండి. అందరం కలిసి వెళ్ళి ఒప్పేసుకుందాం. టీ ఎలాగూ ఆయనే తాగిస్తారు.