సైరన్ మోగని రోజు ఉడికిన గుడ్డు

నిన్న పొద్దున్న రెండుసార్లు ఫోన్ మోగితే ఎత్తలేదు. క్లాసులో ఉన్నాను. మూడోసారి ఎత్తితే ఖరగ్‌పూర్ నుంచి మా సత్తిబాబు.

"అప్పా, మా అమ్మ పోనాది."

చిన్నప్పటి నుంచీ వాడికి నేను అప్పనే, అంటే అక్కని. చేతిలో చాక్‌పీస్ పట్టుకుని కారిడార్‌లో అలాగే నిలబడిపోయాను.

మా నరసమ్మత్త ఇక లేదు.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. రక్తసంబంధం కాదు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో మా వెనకింటి ఆవిడ. వాళ్ళాయన, అంటే మామయ్య, వర్క్‌షాప్‌లో ఫిట్టర్, మా నాన్న స్కూల్లో తెలుగు మాస్టారు. రెండు పెరళ్ళ మధ్య నడుమెత్తు గోడ, దానికో చిన్న గేటు.

ఎనభైల్లో మాట. నాకు పదకొండేళ్ళు. టైఫాయిడ్ వచ్చి నెలన్నర మంచం మీదే ఉన్నాను. తగ్గాక కూడా గోడ పట్టుకోకుండా నడవలేకపోయాను. రోజూ ఉడకబెట్టిన గుడ్డు పెట్టండి, లేకపోతే ఈ పిల్ల లేవదు అన్నాడు బెంగాలీ డాక్టరు.

మా ఇంట్లో గుడ్డు అన్న మాట కూడా అనరు. మామ్మది మడి, ఆచారం. అమ్మ నన్ను రిక్షాలో ఇంటికి తీసుకొచ్చింది. సాయంత్రం పెరట్లో గోడ దగ్గర నిలబడి ఏడ్చింది.

అత్త అంతా విని, "దీనికి ఏడుపేటి పంతులమ్మగారూ? పిల్లని నా కాడికి పంపండి. మీరు సూడకండి, అంతే" అంది.

అలా మొదలైంది.

వాళ్ళింట్లో గడియారం ఉంది కానీ అత్త దాన్ని నమ్మేది కాదు. పొద్దున్న వర్క్‌షాప్ మొదటి సైరన్‌కి గుడ్డు నీళ్ళలో వేసేది, పావుగంటకి మోగే రెండో సైరన్‌కి దించేది. "సైరను తప్పు సెప్పదు పాపా" అనేది. చన్నీళ్ళలో వేసి, ఒలిచి, ఉప్పు, మిరియాల పొడి చల్లి పెట్టేది. మొదట్లో నాకు వాంతి వచ్చేది. నా ముక్కు తనే మూసి, "మీ అమ్మ మొకం సూసి మింగీ" అనేది.

మూడో వారంలో విశ్వకర్మ పూజ వచ్చింది.

అత్తావాళ్ళు వర్క్‌షాప్‌లో పూజకి వెళ్ళాలి. వాళ్ళ బొగ్గుల పొయ్యి ఎంతకీ రాజుకోలేదు. మా వెనక వసారాలో కుంపటి మండుతోంది, మామ్మ దేవుడి గదిలో ఉంది. అత్త పట్టుచీరలోనే గేటు తోసుకుని వచ్చి, సత్తు గిన్నెలో గుడ్డు పడేసి, "రెండో సైరనుకి దించీయండి, గిన్నె నానొచ్చి పట్టుకుపోతాను" అని చెప్పి, జడ వేసుకోడానికి పరిగెత్తింది.

అమ్మ గిన్నె వంక చూడకుండా, చెవి వర్క్‌షాప్ వైపే వేసి నిలబడింది. అక్కడ అత్త కూడా ఆ సైరన్ కోసమే చూస్తూ కూర్చుంది.

పూజ రోజు వర్క్‌షాప్‌లో పని ఉండదు. సైరన్ మోగదు. ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో ఉన్న ఇద్దరికీ ఆ సంగతే తట్టలేదు. పొయ్యి హడావిడిలో మొదటి సైరన్ వినకుండానే మోగిపోయిందనుకున్నారు.

అక్కడ ఆ పండక్కి గాలిపటాలు ఎగరేస్తారు; ఆకాశం నిండా అవే. గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయాయి. గుడ్డు ఠప్పున పేలి గోడకి అంటుకుంది. మాడు వాసన దేవుడి గదిదాకా వెళ్ళింది.

మామ్మ బయటికొచ్చింది. "ఎవరిదిది?" అంది.

అమ్మ నోట మాట రాలేదు. అది నాకోసమని మామ్మకి తెలిస్తే ఆ రోజుతో నా గుడ్డు ఆగిపోతుంది. నేను తలుపు పట్టుకుని చూస్తున్నాను. నేనూ మాట్లాడలేదు.

గేటు దగ్గర నుంచి అత్త గొంతు వినిపించింది.

"నాదేనండి మామ్మగారూ. మా పొయ్యి రాజుకోనేదు. అమ్మగారు వద్దన్నా నానే ఎట్టినాను."

మామ్మ అన్న మాటలు ఇక్కడ రాయను. అత్త తల దించుకుని అన్నీ పడింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి గోడంతా కడిగింది. ఇంకెప్పుడూ ఈ గేటు దాటొద్దు అంది మామ్మ.

అత్త దాటలేదు. మామ్మ పోయేదాకా, ఆరేళ్ళు. మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా గోడ అవతలే నిలబడి అడిగేది.

కానీ మర్నాటి నుంచి గుడ్డు మాత్రం స్టీలు గ్లాసులో గోడ మీదుగా వచ్చింది. దసరా సెలవులయ్యాక నా కాళ్ళ మీద నేను స్కూల్‌కి నడిచి వెళ్ళాను.

నాకు టీచర్ ఉద్యోగం వచ్చాక చీర పట్టుకుని వెళ్ళి, ఆ రోజు నేను నిజం చెప్పాల్సింది అత్తా అన్నాను. నవ్వేసింది.

"ఏటి పాపా, ఇంకా ఆ గుడ్డే పట్టుకుని ఉన్నావేటి? తిన్నావు, లేసినావు. అయిపోనాది."

అయిపోలేదు అత్తా. నిన్న సాయంత్రం అమ్మకి చెప్పాను. "తనని మాటలు పడనిచ్చాను. నేను నోరు విప్పలేదే" అంది. ఎనభై దాటిన మనిషి, చిన్నపిల్లలా ఏడ్చింది.

అందుకే అందరూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను.

మామ్మా, ఆ గుడ్డు నరసమ్మత్తది కాదు.

నాది.

ఇక ఏ సైరన్‌కీ లేవక్కర్లేదు అత్తా. నెమ్మదిగా పడుకో.