ఒక్క సెకను తేడా

మా అక్కది అనుమానపు బుద్ధి. కళ్ళజోళ్ల దుకాణం నడుపుతుంది. కంపెనీ నుంచి వచ్చిన అద్దాన్ని కూడా తన మిషన్‌లో పెట్టి మళ్లీ కొలిస్తే గానీ ఫ్రేములో బిగించదు. యాభై మూడేళ్లొచ్చినా వాటర్ స్కీయింగ్ పోటీలు మానలేదు. మోటారు పడవ లాగుతుంటే తాడు పట్టుకుని, ఒకే స్కీ మీద అటూ ఇటూ దూసుకుపోతూ నీళ్లలో తేలే ఆరు ఎర్ర బంతులను చుట్టి రావాలి. తాడు కురచయ్యేకొద్దీ, పడవ వేగం పెరిగేకొద్దీ కష్టం. మోకాలికి ఒకసారి ఆపరేషన్ అయింది. మళ్లీ దెబ్బ తగిలితే మెట్లెక్కడం కూడా కష్టమేనన్నాడు డాక్టరు.

"ఆ డాక్టరుకు ఈతన్నా వచ్చో రాదో," అంది అక్క.

పడవ నడిపేది బావ. వెనక్కి తిరిగి కూర్చుని అక్కను కనిపెట్టుకుని ఉండేది నేను.

ఈ వేసవిలో, ఎన్నడూ చేతకాని కురచ తాడుతో అక్క ఆరు బంతులూ చుట్టేసింది. వారంలో నాలుగుసార్లు. మేం ఎగిరి గంతేశాం. ఆమె మొహం మాత్రం విప్పారలేదు.

"ఎక్కడో తేడా కొడుతోందిరా."

టేపు పెట్టి తాడు కొలిచింది. బంతుల మధ్య దూరం కొలిపించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి నన్నూ నిలదీసింది. నాకు ఒళ్లు మండింది. అందరినీ అనుమానించింది, ఒక్క బావను తప్ప. ఇక చేసేదేం లేక, ఆ తాడుతోనే మొదలుపెడతానని పోటీకి పేరు రాసి పంపింది.

అప్పుడు నాలో పురుగు తొలిచింది. వాచీ పెట్టి చూశాను. బంతుల వరస ఈ చివర నుంచి ఆ చివరకు పడవకు పద్దెనిమిది సెకన్లు పట్టాలి. పంతొమ్మిది పట్టింది. మళ్లీ చూసినా పంతొమ్మిదే.

ఒడ్డుకు రాగానే ఇద్దరి ముందే చెప్పేశాను. బావ తల దించుకున్నాడు.

"నీ మోకాలు పోతుందని భయమేసి వేగం కాస్త తగ్గించా. నువ్వు ఆరు బంతులూ చుట్టేశాక చెప్పడానికి నోరు రాలేదు."

అక్క తాడు చుట్టి పక్కన పెట్టింది. తర్వాత, "పోటీలో పడవ నడిపేది మీరు కాదు కదండీ," అంది.

మర్నాడు అసలు వేగంతో లాగించుకుంది. మూడో బంతి దగ్గర మోకాలు వణికింది. తాడు వదిలేసింది. తనంతట తాను వదిలేయడం నేను చూడటం అదే మొదలు. పోటీకి పొడవు తాడు రాయించుకుంది. పదకొండో స్థానం వచ్చింది. రెండు కాళ్ల మీద నడిచే ఇంటికొచ్చింది. నాకు అదే చాలు.

ఇప్పటికీ పడవ బావే నడుపుతాడు. "ఈరోజు బాగా చేశావు," అని ఆయన అన్నప్పుడల్లా, అక్క నావైపు తిరిగి "నిజమేనా?" అని అడుగుతుంది. ఆయన పక్కనే నిలబడి ఉంటాడు.