ఆండాళవ్వ కండెలు

చిట్యాల దగ్గరి బట్టలు నేసే సాలోళ్ల వాడలో ఆండాళవ్వకు ఒకటే జబ్బు: ఎవరైనా ఒంటికాలి మీద బరువేసి, తుంటి పక్కకు వంచి నిలబడితే ఓర్చుకోలేకపోయేది. "దేవుడు రెండు కాళ్లిచ్చిండు గద, ఇంకోటి ఎవనికి కిరాయికిచ్చినవ్?" అని అరిచేది. పీటల దగ్గర పెళ్లికొడుకునూ వదల్లేదు. పొలంలో కొంగను కూడా ఒకసారి కసిరిందని చెప్పుకునేవారు.

ఒక కరువు ఏడు, తుంటి పక్కకు వంచి నిలబడ్డ సోమమ్మ ఆమె కంటపడింది. భర్త నిరుడు కలరాలో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. రోడ్డు పనిలో కంకర గంప చంకన మోసీ మోసీ కుడి తుంటి బయటి వైపు నొప్పి పట్టింది. ఆ పక్కకు ఒత్తిగిలితే ప్రాణం పోయేది. ఎవరో వాతమని ఇనుప కడ్డీ కాల్చి మూడు వాతలు పెట్టారు. పుండ్లు లేచాయి గాని నొప్పి పోలేదు. కుంటుకుంటూ పనికి రావద్దన్నాడు మేస్త్రీ.

ఆండాళవ్వ తుంటి మీద బొటనవేలితో నొక్కింది. సోమమ్మ కెవ్వుమంది.

"కీలు మంచిగనే ఉంది. ఎముకకు పట్టుకున్న నరం నలిగింది. వాతలు పెట్టినోని చేతులిరగ! ఆ పక్కకు పండకు. మోకాళ్ల నడుమ గొంగడి మడిచి పెట్టుకో. కాలు మీద కాలేసి కూసుంటే తంత."

"నేను పంటే పిల్లలకు బువ్వెవరు పెడ్తరవ్వా? ఎవరి పున్నెం బువ్వా నాకొద్దు."

"పున్నెమా? నా మగ్గానికి నూలు కండెలు చుట్టే మనిషి లేదు. దినాం రెండు సోలల జొన్నలిస్త. పని ఆగిందో, ఎల్లగొడ్త."

ఎత్తు పీట మీద కూర్చుని, రెండు పాదాలూ నేలకానించి సోమమ్మ రాట్నం తిప్పింది. రోజూ గోడ పట్టించి ఆమె కాలు పక్కకు ఎత్తించేది ఆండాళవ్వ. మొదట ఐదుసార్లు, తర్వాత పది. వంకరగా నిలబడితే తిట్లు వేరే.

నెల గడిచాక సోమమ్మ వేలికి ఒక ముడి తగిలింది. నిన్న తను వేసిన ముడే. మొన్నా అదే తగిలింది. లేచి లోపలికి తొంగి చూసింది. మగ్గానికి బూజు పట్టి ఉంది. పక్కింట్లో అడిగితే, వాడకు నూలు రాక మూడు నెలలైందట. పగలు తను చుట్టిన కండెలను ఆండాళవ్వ సాయంత్రం విప్పి, ఆ నూలునే మళ్లీ చిలపగా చుట్టి కట్ట కడుతోందన్నమాట. గింజల కుండ అడుగంటింది. ముసలమ్మ చెంపలు అందుకే లోతుకు పోయాయి.

సోమమ్మ మళ్లీ పీట మీద కూర్చుని రాట్నం తిప్పింది. ఆ రోజు నుంచి ఒక సోల జొన్నలే పట్టుకుపోయింది, "పిల్లలకు అరుగుతలేదు" అని.

ఇంకో నెలకు ఆమె రెండు పక్కలా ఒత్తిగిలి నిద్రపోయింది. గంప నెత్తికెత్తుకుని పనికి పోతూ గడపలో ఆగింది.

"అవ్వా, గా నూలును జర ఇడిసిపెట్టు. చుట్టి చుట్టి బొచ్చు లేసింది."

ఆండాళవ్వ ముఖం అటు తిప్పుకుంది.

"గీ కాలం మిల్లులు నూలు గట్లనే తీస్తున్నయ్, ఏం జెయ్యను?" అంది.